దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిలో అమైనో ఆమ్లాల జీవక్రియ

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి (క్రానిక్ కిడ్నీ డిసీజ్) ముదిరే కొద్దీ శరీరంలో అమైనో ఆమ్లాల తయారీ, మార్పిడి, వినియోగం, విసర్జన అన్నీ దారి తప్పుతాయి. రక్తంలో కొన్ని అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి, కొన్నింటి నుండి హానికరమైన పదార్థాలు పుడతాయి. ఈ మార్పులనే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిలో అమైనో ఆమ్లాల జీవక్రియా మార్పులు అంటారు. మూత్రపిండాలను రక్తాన్ని వడపోసే జల్లెడలుగా మాత్రమే భావిస్తే ఈ మార్పులు అర్థం కావు. అవి కొన్ని అమైనో ఆమ్లాలను తయారుచేసే కర్మాగారాలు కూడా. రోగి ఎంత మాంసకృత్తులు తినాలి, ఎప్పుడు తగ్గించాలి, ఎప్పుడు పెంచాలి అనే ప్రశ్నలకు సమాధానం ఈ రెండు పనులనూ కలిపి చూసినప్పుడే దొరుకుతుంది.

నేపథ్యం

మాంసకృత్తులు (ప్రోటీన్లు) 20 రకాల అమైనో ఆమ్లాల గొలుసులు. వీటిలో 9 రకాలను మానవ శరీరం తయారుచేసుకోలేదు. అవి ఆహారం ద్వారానే అందాలి కనుక వాటిని ఆవశ్యక అమైనో ఆమ్లాలు అంటారు. అవి హిస్టిడీన్, ఐసోల్యూసీన్, ల్యూసీన్, లైసీన్, మెథియోనీన్, ఫినైల్ అలనీన్, థ్రియోనీన్, ట్రిప్టోఫాన్, వేలీన్.

పిండిపదార్థాలు, కొవ్వులు దహనమైనప్పుడు మిగిలేవి బొగ్గుపులుసు వాయువు, నీరు. అమైనో ఆమ్లాలలో వీటికి అదనంగా నత్రజని ఉంటుంది. శరీరం అదనపు అమైనో ఆమ్లాలను నిలవ చేసుకోలేదు. వాటిని విడగొట్టినప్పుడు వెలువడే నత్రజని అమ్మోనియాగా మారుతుంది. అమ్మోనియా విషపూరితం కనుక కాలేయం దానిని యూరియాగా మార్చి రక్తంలోకి పంపుతుంది. మూత్రపిండాలు ఆ యూరియాను మూత్రంలో విసర్జిస్తాయి.

ఈ విషయం తెలియడానికి చాలా కాలం పట్టింది. 1773లో ఫ్రెంచి శాస్త్రవేత్త రూయెల్ మూత్రం నుండి యూరియాను వేరుచేశాడు. 1821లో ప్రెవో, డ్యూమాలు జంతువుల మూత్రపిండాలను తొలగించి చూడగా రక్తంలో యూరియా పెరిగింది. యూరియా తయారయ్యేది మూత్రపిండాలలో కాదని, అవి దానిని బయటకు పంపుతాయని దీనివల్ల తేలింది. కాలేయంలో యూరియా తయారయ్యే చక్రాన్ని 1932లో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ వివరించారు.

ఆరోగ్యవంతమైన మూత్రపిండాల పని

ఆరోగ్యవంతుడైన వయోజనుని మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుండి వడపోస్తాయి. ఈ ద్రవంతో పాటు సుమారు 50 గ్రాముల అమైనో ఆమ్లాలు కూడా నెఫ్రాన్‌లలోకి దిగుతాయి. నెఫ్రాన్ నాళిక మొదటి భాగమైన సమీపస్థ సంవళిత నాళంలోని కణాలు వాటిలో 97 శాతానికి పైగా తిరిగి పీల్చుకుంటాయి. అందుచేత మూత్రంలో పోయేది చాలా స్వల్పం.

ఈ నాళిక కణాలు పీల్చుకోవటంతో సరిపెట్టవు. అవి చేసే రసాయనిక మార్పులలో ముఖ్యమైనవి ఇవి:

* గ్లూటమీన్ నుండి అమ్మోనియా: గ్లూటమీన్‌ను విడగొట్టి అమ్మోనియా, బైకార్బనేట్ తయారుచేస్తాయి. అమ్మోనియా ఆమ్లాన్ని వెంటబెట్టుకొని మూత్రంలోకి పోతుంది. బైకార్బనేట్ రక్తంలోకి చేరి ఆమ్లతను తగ్గిస్తుంది.
* సిట్రులీన్ నుండి ఆర్జినీన్: చిన్నప్రేగులో తయారైన సిట్రులీన్ మూత్రపిండాలకు చేరి ఆర్జినీన్‌గా మారుతుంది. శరీరం స్వయంగా తయారుచేసుకొని ఇతర అవయవాలకు అందించే ఆర్జినీన్‌లో ఎక్కువ భాగం ఇక్కడిదే.
* ఫినైల్ అలనీన్ నుండి టైరోసీన్: ఈ మార్పు కాలేయంతో పాటు మూత్రపిండాలలోనూ జరుగుతుంది.
* గ్లైసీన్ నుండి సెరీన్: మూత్రపిండాలు గ్లైసీన్‌ను తీసుకొని సెరీన్‌ను రక్తంలోకి విడుదల చేస్తాయి.
* క్రియాటిన్‌కు తొలి మెట్టు: ఆర్జినీన్, గ్లైసీన్ కలిసి గ్వానిడినో ఎసిటేట్ అవుతుంది. ఈ పని మూత్రపిండాలలో జరుగుతుంది. కాలేయం దానిని క్రియాటిన్‌గా మారుస్తుంది, కండరాలు దానిని వాడుకుంటాయి.

1980లో ఇటలీలోని జెనోవా నగరానికి చెందిన టిజియానెల్లో బృందం మూత్రపిండాలలోకి వెళ్ళే రక్తంలోను, బయటకు వచ్చే రక్తంలోను అమైనో ఆమ్లాలను పోల్చి చూసింది. ఈ తయారీలు మానవులలో నిజంగా జరుగుతున్నాయని, వ్యాధిగ్రస్తులలో తగ్గిపోతున్నాయని ఆ కొలతలు చూపించాయి.

వ్యాధిలో కనిపించే మార్పులు

మూత్రపిండాల వడపోత రేటు నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటె తక్కువగా ఉండటం గాని, మూత్రపిండాలు దెబ్బతిన్న ఆనవాళ్ళు కనిపించటం గాని 3 నెలలకు మించి కొనసాగితే దానిని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అంటారు. వడపోత రేటును బట్టి దీనిని 5 దశలుగా విభజించారు. వ్యాధి ముదిరిన వారి ప్లాస్మాలో సాధారణంగా ఈ క్రింది మార్పులు కనిపిస్తాయి.

తగ్గేవి: వేలీన్, ల్యూసీన్, ఐసోల్యూసీన్ (ఈ మూడింటిని శాఖాయుత అమైనో ఆమ్లాలు అంటారు), టైరోసీన్, సెరీన్, థ్రియోనీన్, లైసీన్, హిస్టిడీన్, ట్రిప్టోఫాన్.

పెరిగేవి: సిట్రులీన్, గ్లైసీన్, సిస్టీన్, హోమోసిస్టీన్, మిథైల్ హిస్టిడీన్‌లు.

ఈ జాబితాను పైన చెప్పిన పనుల జాబితాతో పోల్చి చూస్తే సంబంధం తెలిసిపోతుంది. ముడిసరుకులైన సిట్రులీన్, గ్లైసీన్ పేరుకుపోతాయి. తయారు కావలసిన టైరోసీన్, సెరీన్ తగ్గిపోతాయి. కర్మాగారం సగం మూతబడితే గిడ్డంగిలో ముడిసరుకు నిలిచిపోయి, అంగడిలో వస్తువు కరువైనట్లే ఇది కూడా. ఆర్జినీన్ మాత్రం చాలామందిలో సాధారణ స్థాయికి దగ్గరగానే ఉంటుంది. రక్తంలో సిట్రులీన్ పెరగటం వల్ల మిగిలిన కణాలకు ముడిసరుకు ఎక్కువగా అంది, తయారీ కొంతవరకు కుదురుకుంటుంది.

ట్రిప్టోఫాన్ కథ కొంచెం వేరు. రక్తంలో ఇది చాలావరకు ఆల్బుమిన్ అనే మాంసకృత్తికి అంటుకొని ప్రయాణిస్తుంది. వ్యాధిలో పేరుకుపోయిన ఇతర పదార్థాలు ఆల్బుమిన్‌పై దాని చోటును ఆక్రమిస్తాయి. పైగా ట్రిప్టోఫాన్ ఎక్కువగా కైన్యురెనీన్ అనే పదార్థంగా మారిపోతుంది. అందుచేత దాని మొత్తం పరిమాణం తగ్గుతుంది.

ఆమ్లత, శాఖాయుత అమైనో ఆమ్లాలు

వేలీన్, ల్యూసీన్, ఐసోల్యూసీన్ తగ్గటానికి మూత్రపిండాలలో తయారీ లోపం కారణం కాదు, ఎందుకంటే ఇవి ఆహారం నుండి రావలసినవే. ఇక్కడ దోషి ఆమ్లత.

రోజూ తినే ఆహారంలోని మాంసకృత్తుల నుండి, ముఖ్యంగా గంధకం ఉన్న మెథియోనీన్, సిస్టీన్‌ల నుండి శరీరంలో ఆమ్లం పుడుతుంది. నెఫ్రాన్‌ల సంఖ్య తగ్గినప్పుడు అమ్మోనియా తయారీ తగ్గి, ఈ ఆమ్లం బయటకు పోదు. రక్తంలో బైకార్బనేట్ పడిపోతుంది. ఈ స్థితిలో కండరాలలో రెండు మార్పులు వస్తాయి. మొదటిది, పాత మాంసకృత్తులను గుర్తించి ముక్కలు చేసే యుబిక్విటిన్-ప్రోటియాసోమ్ వ్యవస్థ మరీ చురుకవుతుంది. రెండవది, శాఖాయుత అమైనో ఆమ్లాలను దహించే ఎంజైము వేగం పెరుగుతుంది. అంటే కండరం కరగటమే కాక, కరిగి వచ్చిన విలువైన అమైనో ఆమ్లాలు తిరిగి నిర్మాణానికి ఉపయోగపడకుండా ఖర్చయిపోతాయి. కండరం కరగగా వెలువడిన గ్లూటమీన్ మూత్రపిండాలలో అమ్మోనియా తయారీకి ముడిసరుకు. ఆమ్లతను సరిదిద్దుకోవటానికి శరీరం తన కండరాన్నే మూల్యంగా చెల్లిస్తుందన్నమాట.

స్వీడన్‌లోని జోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ బృందం 1990లో ప్రకటించిన పరిశోధనలో, పోషకాహార లోపం లేని హీమోడయాలసిస్ రోగులలో కూడా కండరాలలోని వేలీన్ తక్కువగా ఉంది. రక్తంలో బైకార్బనేట్ ఎంత తక్కువైతే వేలీన్ అంత తక్కువగా కనిపించింది.

చికిత్సగా సోడియం బైకార్బనేట్ మాత్రలు ఇస్తారు. 2009లో లండన్ పరిశోధకులు 134 మంది రోగులపై జరిపిన పరీక్షలో ఈ మాత్రలు వాడినవారిలో వ్యాధి నెమ్మదిగా ముదిరింది, పోషణ స్థితి మెరుగుపడింది. అయితే 2020లో వెలువడిన మరొక బ్రిటిష్ పరీక్షలో 60 ఏళ్ళు దాటిన రోగుల శారీరక సామర్థ్యం ఈ మాత్రల వల్ల పెరగలేదు. అందువల్ల ఎవరికి, ఏ మోతాదులో ఇవ్వాలన్నది రోగి వయసు, రక్త పరీక్షలను బట్టి వైద్యులు నిర్ణయిస్తారు.

ఆమ్లతతో పాటు ఇన్సులిన్‌కు కండరాలు సరిగా స్పందించకపోవటం, శరీరంలో కొనసాగే శోథ, ఆకలి మందగించి ఆహారం తగ్గిపోవటం కూడా కండరాల క్షీణతకు తోడ్పడతాయి.

పెద్దప్రేగులో పుట్టే విషపదార్థాలు

జీర్ణం కాకుండా పెద్దప్రేగుకు చేరిన మాంసకృత్తులను అక్కడి బాక్టీరియా పులియబెడతాయి. ట్రిప్టోఫాన్ నుండి ఇండోల్, టైరోసీన్ నుండి పారా-క్రెసాల్ ఏర్పడతాయి. ఇవి రక్తంలోకి చేరి ఇండాక్సిల్ సల్ఫేట్, పారా-క్రెసైల్ సల్ఫేట్ అనే పదార్థాలుగా మారుతాయి. ఆరోగ్యవంతులలో మూత్రపిండాల నాళికలు వీటిని మూత్రంలోకి నెట్టివేస్తాయి. వ్యాధిగ్రస్తులలో ఇవి రక్తంలో పేరుకొని రక్తనాళాల గోడలను, మిగిలిన నెఫ్రాన్‌లను దెబ్బతీస్తాయని పరిశోధనలు సూచిస్తున్నాయి.

ఈ రెండు పదార్థాలు ఆల్బుమిన్‌కు గట్టిగా అంటుకొని ఉంటాయి. కనుక డయాలసిస్ యంత్రం యూరియాను తీసివేసినంత సులువుగా వీటిని తీసివేయలేదు. వీటి మూలపదార్థాలను ప్రేగులోనే పట్టుకొనే ఏ.ఎస్.టి.-120 అనే బొగ్గు వంటి మందును జపాన్‌లో 1991 నుండి వాడుతున్నారు. 2015లో ప్రకటించిన పెద్ద అంతర్జాతీయ పరీక్షలలో మాత్రం అది వ్యాధి ముదరటాన్ని ఆపినట్లు రుజువు కాలేదు.

యూరియా కూడా పూర్తిగా నిరపాయకరం కాదు. అందులో కొంత భాగం సైనేట్‌గా మారి మాంసకృత్తులలోని లైసీన్‌కు అంటుకుంటుంది. ఈ చర్యను కార్బమైలేషన్ అంటారు. దీనివల్ల ఆ మాంసకృత్తుల ఆకారం, పనితీరు మారతాయి.

హోమోసిస్టీన్, ఫోలిక్ ఆమ్లం

మెథియోనీన్ విచ్ఛిన్నమయ్యే దారిలో హోమోసిస్టీన్ ఏర్పడుతుంది. రక్తంలో దీని సాధారణ స్థాయి లీటరుకు 5 నుండి 15 మైక్రోమోల్‌లు. డయాలసిస్ రోగులలో ఇది సాధారణంగా అంతకు 2 నుండి 4 రెట్లు ఉంటుంది. హోమోసిస్టీన్‌ను తిరిగి మెథియోనీన్‌గా మార్చటానికి ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ అవసరం. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లే ప్రయోగశాల పరిశోధనకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

హోమోసిస్టీన్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపించటంతో, ఫోలిక్ ఆమ్లం ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని ఆశించారు. అమెరికాలో మాజీ సైనికులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఎక్కువ మోతాదులో విటమిన్లు ఇచ్చినప్పుడు హోమోసిస్టీన్ తగ్గింది, మరణాలు మాత్రం తగ్గలేదు. 2010లో వెలువడిన మరొక పరీక్షలో, మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఎక్కువ మోతాదు బి విటమిన్లు ఇవ్వగా మూత్రపిండాల పని మరింత వేగంగా క్షీణించింది. రక్త పరీక్షలో ఒక అంకె సరికావటం, రోగికి మేలు జరగటం ఒకటి కావని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ఆర్జినీన్, రక్తనాళాలు

రక్తనాళాల గోడలు ఆర్జినీన్ నుండి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తాయి. ఈ వాయువు నాళాలను వ్యాకోచింపజేసి రక్తపోటును అదుపులో ఉంచుతుంది. శరీరంలో మాంసకృత్తులు విచ్ఛిన్నమైనప్పుడు విడుదలయ్యే అసౌష్ఠవ డైమిథైల్ ఆర్జినీన్ అనే పదార్థం ఈ తయారీని అడ్డుకుంటుంది. మూత్రపిండాలు విఫలమైనవారిలో ఇది పేరుకుంటుందని 1992లో ప్యాట్రిక్ వాలెన్స్ బృందం చూపింది. రక్తంలో ఆర్జినీన్ తగినంత ఉన్నా దాని ఫలితం రక్తనాళాలకు పూర్తిగా దక్కకపోవటానికి ఇది ఒక కారణం.

కండరాల క్షీణత, క్రియాటినిన్ చిక్కు

మూత్రపిండ వ్యాధిలో కండరాలు, శరీరంలోని శక్తి నిల్వలు క్రమంగా తరిగిపోయే స్థితికి 2008లో అంతర్జాతీయ నిపుణుల బృందం మాంసకృత్తుల-శక్తి క్షీణత అని పేరుపెట్టింది. ఇది ఉన్న రోగులలో మరణాల రేటు ఎక్కువ.

దీనిని గుర్తించటంలో ఒక చిక్కు ఉంది. కండరాలలో క్రియాటిన్ ఫాస్ఫేట్ రూపంలో శక్తి నిలవ ఉంటుంది. ఈ పదార్థాన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు కనుగొన్నారు. కండరాలలోని క్రియాటిన్‌లో రోజుకు సుమారు 2 శాతం క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. అది రక్తంలో పెరిగితే మూత్రపిండాల పని తగ్గిందని లెక్కిస్తారు. అయితే కండరం తరిగిపోయినవారిలో క్రియాటినిన్ తయారీయే తక్కువ. కాబట్టి రోగి చిక్కిపోతున్నప్పుడు రక్తంలో క్రియాటినిన్ నిలకడగా ఉన్నా, కొద్దిగా తగ్గినా, మూత్రపిండాలు కోలుకున్నాయని పొరబడే ప్రమాదం ఉంది. ఇటువంటి సందర్భాలలో కండరాల పరిమాణంపై అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి అనే పరీక్షను కూడా కలిపి లెక్కవేయాలని అంతర్జాతీయ మార్గదర్శక సంస్థ కేడీగో 2024లో సూచించింది.

ఆహారం

మాంసకృత్తులు తగ్గించిన ఆహారాన్ని చికిత్సగా ప్రచారంలోకి తెచ్చినవారు ఇటలీకి చెందిన జోర్డానో (1963), జొవన్నెట్టి, మజ్జోరె (1964). అప్పటికి డయాలసిస్ కొద్దిమందికే అందుబాటులో ఉండేది. తక్కువ మాంసకృత్తులు, అయితే ఆవశ్యక అమైనో ఆమ్లాలు తగినన్ని ఉండే ఆహారం ఇవ్వగా రోగులలో వాంతులు, వికారం తగ్గాయి. తరువాత అమెరికాలో 1994లో వెలువడిన పెద్ద పరీక్షలో వ్యాధి వేగాన్ని తగ్గించటంలో ఈ ఆహారం ప్రభావం ఆశించినంత స్పష్టంగా కనిపించలేదు. నేటికీ మార్గదర్శకాల మధ్య కొంత తేడా ఉంది.

60 కిలోల బరువున్న వ్యక్తికి ఆ లెక్కలు ఈ విధంగా ఉంటాయి:

* కేడీగో (2024), 3 నుండి 5 దశలు, డయాలసిస్ లేనివారు: కిలోకు 0.8 గ్రాములు, అంటే రోజుకు 48 గ్రాములు. కిలోకు 1.3 గ్రాములు మించరాదు.
* అమెరికా మార్గదర్శకాలు (2020), మధుమేహం లేని, డయాలసిస్ లేని, స్థిమితంగా ఉన్న రోగులు: కిలోకు 0.55 నుండి 0.60 గ్రాములు, అంటే 33 నుండి 36 గ్రాములు. ఇది నిపుణుల పర్యవేక్షణలోనే పాటించాలి.
* డయాలసిస్ చేయించుకుంటున్నవారు: కిలోకు 1.0 నుండి 1.2 గ్రాములు, అంటే 60 నుండి 72 గ్రాములు.

100 గ్రాముల బియ్యంలో సుమారు 7 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 3 గ్రాములు మాంసకృత్తులు ఉంటాయి. బియ్యంలో లైసీన్ తక్కువ, పప్పులలో మెథియోనీన్ తక్కువ. అన్నం, పప్పు కలిపి తిన్నప్పుడు ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. పప్పును పూర్తిగా మానివేసి అన్నం, చారుతో సరిపెట్టుకొనే రోగికి, ఇప్పటికే రక్తంలో తక్కువగా ఉన్న లైసీన్ మరింత కరువవుతుంది. పప్పులలో పొటాషియం, భాస్వరం కూడా ఉంటాయి కనుక ఎంత తినాలన్నది రక్త పరీక్షలను చూసి నిర్ణయించాలి.

శక్తి కూడా తగినంత అందాలి. కిలోకు 25 నుండి 35 కిలోకాలరీలు, అంటే 60 కిలోల వ్యక్తికి 1500 నుండి 2100 కిలోకాలరీలు అవసరం. శక్తి చాలకపోతే శరీరం తిన్న మాంసకృత్తులను ఇంధనంగా మండిస్తుంది. అప్పుడు తక్కువ తిన్నా యూరియా పెరుగుతుంది, కండరం తరుగుతుంది.

కొందరికి వైద్యులు కీటో ఆమ్లాల మాత్రలు సూచిస్తారు. ఇవి నత్రజని లేని అమైనో ఆమ్లాల అస్థిపంజరాల వంటివి. శరీరంలోని అదనపు నత్రజనిని గ్రహించి ఇవి ల్యూసీన్, వేలీన్ వంటివాటిగా మారుతాయి. లైసీన్, థ్రియోనీన్‌లను ఈ విధంగా తయారుచేసుకోవటం శరీరానికి సాధ్యం కాదు కనుక ఆ రెండింటిని అమైనో ఆమ్లాలుగానే మాత్రలలో కలుపుతారు. 1970లలో ఈ చికిత్సపై కృషి చేసినవారిలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మెకెంజీ వాల్సర్ ముఖ్యుడు.

డయాలసిస్ మొదలైన తరువాత

డయాలసిస్ పొర యూరియాకు, అమైనో ఆమ్లానికి తేడా తెలుసుకోలేదు. చిన్న అణువులన్నీ దానిగుండా పోతాయి. ఒక్కొక్క హీమోడయాలసిస్‌లో సుమారు 6 నుండి 12 గ్రాముల అమైనో ఆమ్లాలు పోతాయి. ఉదర డయాలసిస్‌లో రోజుకు సుమారు 2 నుండి 4 గ్రాముల అమైనో ఆమ్లాలు, వాటికి తోడు 5 నుండి 15 గ్రాముల మాంసకృత్తులు పోతాయి. ఆరోగ్యవంతమైన నాళిక తిరిగి పీల్చుకొనేదానిని యంత్రం పీల్చుకోలేదు. అదీగాక డయాలసిస్ జరిగే సమయంలో కండరాల విచ్ఛిన్నం పెరుగుతుంది. అందుచేతనే డయాలసిస్‌కు ముందు మాంసకృత్తులు తగ్గించమన్న వైద్యులే, మొదలైన తరువాత పెంచమంటారు. ఈ రెండు సలహాల మధ్య వైరుధ్యం లేదు. నష్టం జరిగే దారి మారింది కనుక సలహా మారింది. పాత పథ్యాన్నే కొనసాగించే రోగి కండరాన్ని వేగంగా కోల్పోతాడు.

ఉద్దానం ప్రాంతం

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో (ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు) దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి చాలా ఎక్కువగా ఉంది. చాలామంది రోగులలో మధుమేహం వంటి సాధారణ కారణాలు కనిపించవు. దీని మూలకారణం ఇంకా నిర్ధారణ కాలేదు. ఈ రకం వ్యాధిలో దెబ్బతినేది ప్రధానంగా నాళికలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం. అమైనో ఆమ్లాలను తిరిగి పీల్చుకొనే, తయారుచేసే, ఆమ్లతను సరిదిద్దే పనులన్నీ నాళికలవే. శారీరక శ్రమతో జీవించే వ్యవసాయ కూలీలకు, మత్స్యకారులకు కండరమే జీవనాధారం కనుక ఇటువంటి ప్రాంతాలలో బైకార్బనేట్ పరీక్ష, బరువు, చేతి పట్టు బలం వంటి సులభమైన కొలతలకు ప్రాధాన్యం ఉంది.

అపోహలు

* "మూత్రపిండ వ్యాధి వస్తే మాంసకృత్తులు పూర్తిగా మానాలి." ఇది సరికాదు. ఆవశ్యక అమైనో ఆమ్లాలు ఆహారం నుండే రావాలి. తగ్గించటం వేరు, మానటం వేరు.
* "యూరియా తగ్గితే వ్యాధి తగ్గినట్లే." తిండి తగ్గినా యూరియా తగ్గుతుంది. బరువు, కండరాలు, ఆకలి కూడా చూడాలి.
* "అమైనో ఆమ్లాల పొడులు కొని తింటే లోటు తీరుతుంది." వ్యాయామశాలల్లో వాడే పొడుల వల్ల నత్రజని, ఆమ్లత పెరగవచ్చు. వైద్యుల సలహా లేకుండా వాడరాదు.
* "వాంతులు, నీరసం ఉన్నాయి కనుక గంజితో సరిపెట్టాలి." ఇవి పథ్యం సవరించవలసిన, డయాలసిస్ గురించి ఆలోచించవలసిన సూచనలు కావచ్చు. వైద్యులను ఆలస్యం చేయకుండా సంప్రదించాలి.